వారానికో రోజు మేడం, ఆరు రోజులు అవ్వ

చౌటుప్పల్ మండలంలోని కొయ్యలగూడెం చేనేతకు పేరున్న ఊరు. అక్కడ ఒక ఇంటిని ఊహించుకుందాం. ముందు గదిలో మగ్గం, పక్కన ఆసు, దూలానికి వేలాడే రంగు నూలు చిలపలు. వాకిట్లో బర్రె. గోడకు ఆనించిన మంచం మీద దిండ్ల మధ్య కూర్చోబెట్టిన తొమ్మిదేళ్ల పిల్లవాడు. పుట్టినప్పుడు వెంటనే ఏడవలేదు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. సెరెబ్రల్ పాల్సీ అన్నారు డాక్టర్లు. వైకల్యం నిర్ధారించే సదరెం క్యాంపులో ఎనభై అయిదు శాతం అని రాసిచ్చారు. మాట స్పష్టంగా రాదు కానీ ఇంట్లో ఎవరేమనుకున్నా అంతా వింటాడు.

భవిత కేంద్రం నుంచి వారానికోసారి మేడం వస్తుంది. సంచిలోంచి బొమ్మల కార్డులు తీసి వరసగా పెడుతుంది. ‘గేదె ఏదీ?’ అంటుంది. పిల్లవాడు ఉలకడు, పలకడు. ‘గుర్తించలేదు’ అని రాయబోతుంటే పొయ్యి దగ్గర్నుంచి నాయనమ్మ కేకేస్తుంది: ‘బర్రె అనుండ్రి మేడం. గేదె అంటే వానికేమెరుక?’ బర్రె అనగానే పిల్లవాడి తల వాకిలి వైపు తిరుగుతుంది.

ఈ ఇల్లు ఊహ. ఏర్పాటు మాత్రం నిజం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు, వాటిలో ఐఈఆర్‌పీలు అని పిలిచే రిసోర్స్ పర్సన్లు, బడికి రాలేని పిల్లల గడప దాకా వాళ్లు వెళ్లి చెప్పే పాఠం తెలంగాణలో ఏళ్లుగా ఉన్నవే. దానికి చట్టం అండ కూడా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పుడు ఈ పిల్లల సంగతి అందులో సరిగా లేదు. 2012 సవరణతో మూడో సెక్షన్‌లో ఒక వాక్యం చేర్చారు. బహుళ వైకల్యం, తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువుకోవడాన్ని ఎంచుకునే హక్కు కూడా ఉంటుందని దాని సారాంశం. తీవ్రం అంటే ఏమిటన్నది 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం చెబుతుంది: ఎనభై శాతం, ఆపైన. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఈ వెసులుబాటును కొనసాగించింది.

ఇంటి చదువు అనగానే మన పత్రికా పాఠకుడికి వేరే బొమ్మ కళ్లముందుకొస్తుంది. హైదరాబాద్ టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లో తల్లిదండ్రుల దగ్గరే చదువుకుని ఎనిమిదేళ్లకు పదో తరగతి గట్టెక్కిన కథ గుర్తొస్తుంది. లేదంటే బడి ఒత్తిడి వద్దనుకున్న సాఫ్ట్‌వేర్ దంపతులు, పద్నాలుగేళ్లు నిండగానే ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష కట్టించే ఆలోచన. ఆ చర్చకూ చోటుంది, కాదనను. కానీ చౌటుప్పల్ లాంటి చోట ఇంటి చదువు ఎవరికి తప్పనిసరి అని అడిగితే వచ్చే జవాబు మంచం మీద దిండ్ల మధ్య కూర్చున్న ఆ పిల్లవాడు. అతనికి అది తల్లిదండ్రుల అభిరుచి వల్ల వచ్చింది కాదు. ఇంటి చదువు ఒక్కో పిల్లకు ఎలా కుదరాలన్న ప్రశ్నకు అసలు పరీక్ష కూడా ఆ మంచం దగ్గరే.

నిజానికి రాష్ట్రమంతా ఒకసారి ఇంటి చదువు చదివి చూసింది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. ఆ సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. ప్రాథమిక తరగతుల పిల్లలు తిరిగి బడి మెట్లెక్కింది 2021 సెప్టెంబరులో. దాదాపు ఏడాది పాటు ఫలానా గంటకు ఫలానా తరగతి అంటూ రాష్ట్రం మొత్తానికి ఒకే పాఠం. అర్థమైన పిల్లకూ అదే, కాని పిల్లకూ అదే. ఇంట్లో ఒకటే ఫోన్ ఉంటే పెద్దవాడి పాఠమయ్యాకే చిన్నదాని వంతు. బడిని పెట్టెలో పెట్టి ఇంటికి పంపినంత మాత్రాన అది ఇంటి చదువు అవదని అప్పుడు తెలిసింది. తెలిసినా, మంచం పట్టిన పిల్లల దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆ పెట్టెనే పంపుతున్నాం. కాకపోతే ఈసారి పెట్టెలో కార్డులున్నాయి.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం ఒకటి నుంచి అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ఇంటికొచ్చే మేడం వారానికి ఒక గంట కూర్చుంటుందనుకుందాం. పది నెలలకు నలభై గంటలు. ఒక్క వారం కూడా మీటింగు, సర్వే, జ్వరం, వాన అడ్డం రాకుంటేనే ఆ నలభై. బడికెళ్లే అక్కకు 800, మంచం మీది తమ్ముడికి 40. ఇరవయ్యో వంతు.

మిగతా 760 గంటలు ఎవరివి? నాయనమ్మవి. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముక్క అంతా ఇదే. ఇంటి చదువును పిల్లకు తగ్గట్టు మార్చడమంటే మేడం వచ్చే గంటను మార్చడం అనుకుంటున్నాం. కార్డులు మార్చుతాం, ఫారాలు మార్చుతాం, యాప్ మార్చుతాం. మారాల్సింది మేడం లేని ఆరు రోజులు. ప్రణాళిక ఎవరి చేతుల్లో నడుస్తుందో వాళ్ల కోసం రాయాలి. ఆ చేతులకు మసి ఉంటుంది, రంగు ఉంటుంది, ఒక్కోసారి అక్షరం రాదు కూడా.

వ్యక్తిగత విద్యా ప్రణాళిక అన్న మాట మనవాళ్లకు కొత్తదేం కాదు. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందిన ప్రతి ఒక్కరూ దాన్ని రాయడం నేర్చుకునే వస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ, పిల్లవాడు దేన్ని తనంతట చేస్తాడు, దేనికి సాయం కావాలి అని మెట్లుమెట్లుగా చూసే జాబితాలను ఎప్పుడో తయారుచేసింది. చౌటుప్పల్ నుంచి హైవే మీద రెండు గంటల్లో చేరిపోయే దూరమే. జ్ఞానానికి కొదవ లేదు. ఆ జ్ఞానం అధికారుల తెలుగులో ఫైలెక్కి అక్కడే ఆగిపోతోంది. ‘సంజ్ఞానాత్మక వికాసం’ అని రాసిన కాగితాన్ని నాయనమ్మ ఏం చేసుకోవాలి?

ఆ ఇంట్లో పనికొచ్చే ప్రణాళిక ఎలా ఉంటుందో చూద్దాం. మూడు నెలలకు మూడే లక్ష్యాలు. ఒకటి తిండి దగ్గర. పిల్లవాణ్ని పడుకోబెట్టి కాకుండా నిటారుగా కూర్చోబెట్టి, మెడ వెనక్కి వాలకుండా చూసి ముద్ద పెట్టాలి. లేకపోతే పొలమారుతుంది, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరాలొస్తాయి. క్యాంపులో ఇచ్చిన సీపీ (సెరెబ్రల్ పాల్సీ) కుర్చీ అటక మీద బట్టల కింద ఉందనుకోండి, ముందు దాన్ని దించాలి. రెండోది, ప్రతి ముద్దకూ ముందు ‘ఇంక గావాల్నా?’ అని అడగాలి. అడిగి ఆగాలి. మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగాలి. అవునంటే కళ్లు మూసి తెరవడం, వద్దంటే తల తిప్పడం. మాట రాని పిల్లవాడికి అవును, కాదు అన్న రెండూ నికరంగా చెప్పడం వస్తే సగం చదువు వచ్చినట్టే. ఆ తర్వాత రంగు అడగొచ్చు, అంకె అడగొచ్చు, కథలో కోతి మంచిదా చెడ్డదా అని అడగొచ్చు. కానీ ఆగడం ఎంత కష్టమో అనుభవిస్తేనే తెలుస్తుంది. అవతల పొయ్యి మీద కూర మాడుతుంటుంది. తొమ్మిదేళ్లుగా మనవడి ఆకలి మొహం చూసే పసిగట్టిన అవ్వకు అడగడమే వింతగా ఉంటుంది. ‘వాడు అడగకముందే పెడ్త గద’ అంటుంది. ఆమె ప్రేమే ఇక్కడ పాఠానికి అడ్డు. ఆ సంగతి ఆమె నొచ్చుకోకుండా చెప్పగలిగిన మేడమే అసలైన ప్రత్యేక ఉపాధ్యాయురాలు.

మూడోది లెక్క. దీనికి కార్డులక్కర్లేదు, ఆసు ఉంది. నూలుకు ముడులు కట్టి రంగులద్దే చిటికి పనికి ముందు దాన్ని ఆసు మీద పోస్తారు. ఒక కొయ్య నుంచి ఎదురుగా అర్ధచంద్రంలా ఉన్న మేకుల మీదికి, మళ్లీ వెనక్కి, చేయి ఆగకుండా తిరుగుతుంది. ఒక చీరకు దాదాపు 9,000 సార్లు. తల్లి భుజాల నొప్పి చూడలేక ఇదే జిల్లా ఆలేరుకు చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఇప్పటికీ చేత్తో ఆసు పోసే ఇల్లయితే అమ్మ చేయి కొయ్య దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఒక అంకె పైకి అంటే చాలు. ఒకటి, రెండు, మూడు. చేయి కదలని పిల్లవాడు కళ్లతో ఆ చేతి వెంట పోతాడు. అయిదు దగ్గర అమ్మ కావాలని ఆపుతుంది. ఆరు అన్న చోట పిల్లవాడి గొంతులోంచి ఏదో చప్పుడు రావాలి. అదే పరీక్ష, అదే మార్కు.

ఇక్కడొక జాగ్రత్త చెప్పకుండా పోలేను. ఇంటి పనిలోంచి చదువు అనగానే మగ్గానికి పిల్లల్ని కట్టేసే పాత అలవాటు దొడ్డిదారిన లోపలికొస్తుంది. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు బడి వేళలు కాని సమయంలో ఇంటి పనికి సాయపడటాన్ని మినహాయించారు. ఆ మినహాయింపు మీద అప్పుడు వచ్చిన విమర్శలు సబబైనవని నా అభిప్రాయం. ఆసు దగ్గర అంకెలు నేర్పినంతవరకు మంచిదే. ఆ పిల్లవాడి అక్కను బడి మాన్పించి ‘తమ్మునికాడ ఉండు, కండెలు సుట్టు’ అనడం మొదలైతే ఒకరి చదువు కోసం ఇంకొకరి చదువు తీసేసినట్టు. ప్రణాళిక రాసే మేడం ఆ ఇంట్లో మిగతా పిల్లల హాజరు కూడా అడగాలి.

పిల్లను బట్టి చదువు నడవడం మన నేలకు పరాయిదేం కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో పెట్టిన చిన్న బడుల్లో ఒకే గదిలో అన్ని వయసుల పిల్లలుంటారు. గోడ మీద ఒక నిచ్చెన ఉంటుంది. ఎవరి మెట్టు మీద వాళ్లు, ఎవరి కార్డు వాళ్లు తీసుకుంటారు. తమిళనాడు చెన్నై కార్పొరేషన్ బడులు ఆ దారే పట్టాయి. గమనించాల్సింది కార్డులను కాదు. వాటిని రాసినవాళ్లు ఆ పల్లెల మాటలను, ఆటలను, పాటలను వాటిలోకి తెచ్చుకున్నారు. కొయ్యలగూడెం కార్డులో బర్రె ఉండాలి, ఉల్లిగడ్డ ఉండాలి, మగ్గం నాడె ఉండాలి. అక్కడికి కొద్ది దూరంలో, రోడ్డు పక్క మందుల ఫ్యాక్టరీలో పనికి ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చిన వాళ్ల గదిలో అలాంటి పిల్లే ఉంటే ఆ కార్డులో తెలుగే ఉండకపోవచ్చు.

మరో ఇంటికి వెళ్దాం. ఇదీ ఊహే. చౌటుప్పల్ పట్టణంలోనే, హైవేకి నాలుగు ఇళ్ల అవతల. పదకొండేళ్ల అమ్మాయి. నడుస్తుంది, పరుగెడుతుంది, పాటలు ఒకసారి వింటే పట్టేస్తుంది. ఆటిజం. ఒకసారి తలుపు తీసి ఉన్నప్పుడు రోడ్డు మీదికి వెళ్లిపోయింది. లారీ డ్రైవరు బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి తలుపుకు బయట గొళ్లెం. సర్టిఫికెట్టులో ఎనభై దాటింది కాబట్టి ఆమె పేరు కూడా ఇంటి చదువు జాబితాలోకి ఎక్కింది. కాగితం మీద ఆమే, మంచం మీది పిల్లవాడూ ఒకటే కోవ.

ఆమెకు తగినట్టు ఇంటి చదువును మార్చడమంటే దాన్ని మాన్పించడమే. ఆమెకు కావాల్సింది ఇంట్లో గంట పాఠం కాదు, భవిత కేంద్రం దాకా చేయి పట్టుకుని తీసుకెళ్లే మనిషి. అందుకు ఎస్కార్ట్ అలవెన్సు, రవాణా భత్యం సమగ్ర శిక్షలో ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్న ఆడపిల్లలకు నెలకు రూ.200 చొప్పున పది నెలల స్టైపెండ్ ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గర్లోని బడిలోనో, కోరుకుంటే ప్రత్యేక బడిలోనో ఉచిత చదువుకు హామీ ఇచ్చింది. ఇవన్నీ ఉండగా గొళ్లెం ఎందుకు తేలికైంది? ఎందుకంటే రోడ్డు దాటించే మనిషిని వెతకడం కన్నా రిజిస్టరులో ఇంకో పేరు రాసుకోవడం తేలిక. 2012 సవరణ ఇచ్చింది ‘ఎంచుకునే’ హక్కు. ర్యాంపు లేని బడి, ఆడపిల్లకు పనికిరాని మరుగుదొడ్డి, దాటలేని హైవే ముందు పెట్టి ఏది కావాలో ఎంచుకోమనడంలో ఎంపిక ఎక్కడుంది?

ఈ అనుమానానికి ఈ ప్రాంతంలో పాత కారణముంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయిన పిల్లలు నల్లగొండ పల్లెల్లో తరాల తరబడి ఇళ్లలోనే ఉండిపోయారు. అప్పుడు దానికి గృహ ఆధారిత విద్య అన్న పేరేం లేదు, ఇంట్లో ఉండటమే. ఈ నీళ్ల గోడు వినిపించడానికే 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచి దేశం తమ వైపు చూసేలా చేశారు. మర్రిగూడ మండలం శివన్నగూడెం అంశల స్వామి ఆ బాధకు ముఖమయ్యారు, 2023 జనవరిలో కన్నుమూశారు. తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్‌లో చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించడం కూడా ఊరికే జరగలేదు. నీళ్లు మారాయి. వైకల్యమున్న బిడ్డ ఇంట్లో ఉంటేనే క్షేమం అన్న ఆలోచన నీళ్లంత తొందరగా మారదు. అందుకే ఇంటి చదువు జాబితాలో పేరెక్కిన ప్రతి పిల్ల గురించీ ఏటా జూన్‌లో బడిబాట జరిగేటప్పుడు ఒక ప్రశ్న వేసి తీరాలి: ఈ ఏడాది బయటికి తేవడానికి ఏం అడ్డం? అడ్డం పిల్లదా, మనదా?

ఇంత పని చేయడానికి మనుషులున్నారా అంటే, చాలరు. ఐఈఆర్‌పీలు ఏళ్లుగా తాత్కాలిక పద్ధతిలోనే పనిచేస్తున్నారు. కేంద్రంలో పిల్లలు, బడుల్లో పిల్లలు, ఇళ్లలో పిల్లలు, వీటిపైన సర్వేలు, సదరెం క్యాంపులు, ఉపకరణాల శిబిరాలు. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, ప్రాథమికోన్నత స్థాయిలో పదిహేను మందికి ఒకరు ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని 2022లో కేంద్రం నోటిఫై చేసింది. పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయండని 2025 మార్చిలో కోర్టు రాష్ట్రాలకు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే ప్రత్యేక విద్యకు స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796. ముందడుగే, ఒప్పుకోవాలి. అయితే ఆ వచ్చినవాళ్లు బడి గోడ లోపలే ఉండిపోతే మంచం మీది పిల్లవాడి నలభై గంటలు నలభైగానే ఉంటాయి. కొత్త పోస్టుల విధుల్లో ఇంటి సందర్శన ఎంత భాగమో గంటల్లో రాసిపెట్టాలి.

ఇక డబ్బు. సమగ్ర శిక్షలో ప్రత్యేక అవసరాలున్న పిల్లకు ఏడాదికి రూ.3,500 లెక్క కడతారు. ఆ లెక్కలో నాయనమ్మ లేదు. అంగన్‌వాడీ ఆయాకు, మధ్యాహ్న భోజనం వండే అమ్మకు ఎంత తక్కువైనా గౌరవ వేతనం అన్న మాటైనా ఉంది. ఏడాదికి 760 గంటలు పాఠం నడిపే ఇంటి మనిషికి కనీసం శిక్షణ రోజుకు కూలి ఎందుకు ఇవ్వకూడదు? ఆసు మానేసి భవిత కేంద్రానికి ఒక రోజు వస్తే ఆ రోజు కూలి పోతుంది. ఫిజియోథెరపీ శిబిరానికి తల్లులు రాలేదని రాసుకునే ముందు ఆ లెక్క చూడాలి.

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లలో ఇలాంటి పిల్లలున్న వాళ్లను అడిగితే బడిలో జరిగే వ్యక్తిగత విద్యా ప్రణాళిక (ఐఈపీ) మీటింగుల గురించి చెబుతారు. 1975 నాటి చట్టం అక్కడ తల్లిదండ్రులను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. టీచరు, థెరపిస్టు, తల్లి, తండ్రి కలిసి లక్ష్యాలు రాస్తారు. ఒప్పుకోకపోతే అక్కడే పేచీ పెట్టొచ్చు. ఆ దేశపు డబ్బు మనకు లేదు, నిజమే. బల్ల దగ్గర ఇంకో కుర్చీ వేయడానికి డబ్బు అక్కర్లేదు. కొయ్యలగూడెంలో బల్ల కూడా వద్దు, మంచం అంచు చాలు.

ప్రణాళిక కాగితాన్ని నాయనమ్మ మాటల్లో రాసి, మగ్గం పక్క గోడకు అంటించి, చదువు రాకపోతే ఫోన్లో మేడం గొంతుతో రికార్డు చేసి వెళ్లాలి. మళ్లీ వారం మేడం వచ్చినప్పుడు మొదట సంచి తెరవకూడదు. ‘అవ్వా, ఈ వారం ఏం జేసిండు?’ అని అడిగి పెన్ను పట్టుకుని కూర్చోవాలి. జవాబు ఇలా ఉండొచ్చు: ‘ఏడు దాక నాతోని గొంతు కలిపిండు మేడం. ఎనిమిది కాడ నేనే మర్చిపోయిన. వాడు నన్ను జూసి నవ్విండు.’